రెండో బెంచీ

మా ఆసుపత్రిలో గురువారం గర్భిణీల రోజు. ఆ రోజు ముందు హాల్లో మూడు బెంచీలు వరసగా వేయిస్తాను. మొదటి మూడు నెలలవాళ్ళకి గోడవారన ఉన్నది. నాలుగు నుంచి ఆరు నెలలవాళ్ళకి మధ్యది. ఏడో నెల పడినవాళ్ళకి బాత్రూముకి దగ్గరగా ఉన్నది. ఈ ఏర్పాటు నాదే. నేను నర్సుగా ఇక్కడ చేరిన ఏడాది మొదలుపెట్టాను, పద్దెనిమిదేళ్ళుగా అలాగే నడుస్తోంది.

ఎవరు ఏ బెంచీ మీద కూర్చోవాలో నేను కాగితాలు చూసి చెప్పను. గుమ్మంలోంచి వస్తున్న మనిషిని చూసి చెప్తాను. కొత్తగా నెల తప్పినవాళ్ళు లోపలికి రాగానే వాష్‌బేసిన్ ఎక్కడుందో చూసుకుంటారు. చెయ్యి నోటి దగ్గరుంటుంది. మధ్య నెలల్లో ఆ చెయ్యి దానంతటదే పొట్ట మీదికి దిగుతుంది, మొహంలో కాస్త కళ వస్తుంది. చివరి నెలలవాళ్ళు మనుషుల్ని చూడరు, ముందు కుర్చీని చూస్తారు. కాళ్ళు ఎడంగా వేస్తూ, వెనక్కి వాలి నడుస్తారు. వాళ్ళు గుమ్మం దాటి నాలుగడుగులు వేసేలోపే నేను కేకేస్తాను. "ఐదో నెల, మధ్య బెంచీ!" "ఎనిమిది, అటెళ్ళు తల్లీ, బాత్రూం పక్కకి!"

అందుకే నాకు నెలలమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడు పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల మురిసిపోయేదాన్ని. ఆసుపత్రి చూడ్డానికి వచ్చిన పై అధికారులతో మా డాక్టరమ్మ, "మా సిస్టరుండగా నాకు స్కానింగు మిషనెందుకండీ" అనేది. ఆ మాట నేను ఇంటికొచ్చి మా ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో.

పేరు రాయించుకునే ఫారంలో ఒక గడి ఉంది. నాలుగో నెల దాటాక మొదటిసారి వచ్చినవాళ్ళని, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో అడిగి అందులో రాయాలి. చాలామంది నేలచూపులు చూస్తూ ఒకటే చెప్తారు, "సిగ్గేసింది సిస్టర్" అని. కొత్తగా చేరిన చిన్న సిస్టరు మొదటి వారం ఆ గడిలో 'సిగ్గు' అని రాస్తే నేను కొట్టేయించాను.

"సిగ్గు కారణమెలా అవుతుందమ్మా? పై ఆఫీసువాళ్ళు చదివితే నవ్వుతారు. నిర్లక్ష్యం అని రాయి."

"వాళ్ళు చెప్పింది అది కాదు కదా సిస్టర్?"

"వాళ్ళు సవాలక్ష చెప్తారు. ఇంకో మాట, ఆ ప్రశ్న గట్టిగా అడుగు. పక్కవాళ్ళు కూడా వింటే ఇంకోసారి ఆలస్యం చెయ్యరు."

ఆ పిల్ల బుద్ధిగా నేర్చుకుంది. గొంతు కూడా నాలాగే పెంచడం నేర్చుకుంది.

బేకరీ ఆవిడ వచ్చింది అలాంటి ఒక గురువారమే. మా ఆసుపత్రికి రెండు సందుల అవతల బేకరీ ఉంది. ఆవిడ అక్కడ లోపలి గదిలో పిండి కలుపుతుంది. వయసు నలభై ఒకటి. మోచేతుల దాకా కడుక్కుని వచ్చినా గోళ్ళ చుట్టూ పిండి ఎండిపోయి తెల్లగా ఉంది. గుమ్మం దాటి రెండడుగులు వేసిందో లేదో నాకు తెలిసిపోయింది.

"ఐదు నిండాయి. మధ్య బెంచీ!"

ఆవిడ ఆగిపోయింది. "కాదు సిస్టర్. అది... ఆగిపోయిందేమోనని. ఒకసారి చూపించుకుందామని వచ్చాను."

"ఏది ఆగిపోయింది?"

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నెలసరి. మా అక్కకి కూడా ఈ వయసులోనే ఆగింది."

"మరి లోపల కదల్లేదూ?"

"కదిలింది. గ్యాసనుకున్నా."

నేను హాలంతటికీ వినపడేలా అన్నాను. "విన్నారా? గ్యాసట! ఈ గ్యాసుకి కాళ్ళూ చేతులూ కూడా ఉన్నాయి తల్లీ, ఇంటికెళ్ళి మంచి పేరు ఆలోచించి పెట్టుకో!"

మూడు బెంచీలూ నవ్వాయి. డాక్టరమ్మ గదిలోంచి కూడా నవ్వు వినిపించింది. నాకు ఊపొచ్చింది.

"ఇంత వయసొచ్చింది, నీ ఒంట్లో ఏం జరుగుతోందో నీకే తెలీకపోతే ఎలా? ఐదు నెలలు నిద్రపోయావా? పోనీ అనుమానమైనా రాలేదా?"

"వచ్చింది. సిగ్గేసింది సిస్టర్. మా పెద్దాడు కాలేజీకి వెళ్తున్నాడు."

చిన్న సిస్టరు నావైపు చూసింది. నేను తలూపాను. ఆ పిల్ల గడిలో 'నిర్లక్ష్యం' అని రాసింది. బేకరీ ఆవిడ మధ్య బెంచీ చివర పది నిమిషాలు కూర్చుని, బాత్రూముకి వెళ్తున్నట్టు లేచి, అట్నుంచి అటే వెళ్ళిపోయింది. తర్వాతి గురువారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

"చూశావా, నిర్లక్ష్యం అంటే ఇదే" అన్నాను చిన్న సిస్టరుతో.

ఆవిడ వచ్చి వెళ్ళిన ఆ రోజుకే నాకు రెండు నెలలు తప్పాయి.

ఇప్పుడు తల్చుకుంటే ఒక్కొక్కటీ ఎదురుగా వచ్చి నిలబడి నా మొహాన నవ్వుతున్నట్టుంటుంది. పద్దెనిమిదేళ్ళుగా చేతులకి రాసుకుంటున్న స్పిరిటు వాసన ఉన్నట్టుండి కడుపులో తిప్పడం మొదలైంది. స్పిరిటు కంపెనీ మారిందేమో అనుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి మందుల గదిలో నిలబడే కునుకు తీశాను. వయసు అనుకున్నాను. రొమ్ములు సలుపుతుంటే, నెలసరి ఆగిపోయే ముందు ఇలాగే ఉంటుందని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. గంటకోసారి బాత్రూముకి పరిగెత్తేదాన్ని. నీళ్ళు ఎక్కువ తాగుతున్నానని సరిపెట్టుకున్నాను. ఇంట్లో ఉల్లిపాయలు వేగుతుంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయేదాన్ని. ఇవే లక్షణాలు ప్రతి గురువారం వేళ్ళు మడిచి మొదటి బెంచీకి చెప్తూ వచ్చాను. ఒక్కసారైనా వేలు నావైపు తిరగలేదు.

నాకప్పుడు నలభై మూడు. కూతురికి పంతొమ్మిది. నా దృష్టిలో ఆ పని అయిపోయిన మనిషిని. కిటికీ అవతల నిలబడి లోపలివాళ్ళని చూసే మనిషిని.

మూడో నెల దాటాక కడుపులో తిప్పడం తగ్గింది. మా ఆయన "ఈమధ్య మొహం బావుందే" అన్నాడు. ఆయన టైలరు. ఇంటి ముందు గదిలోనే మిషను. నా యూనిఫాం కోటు ఆయనే కుడతాడు. కోటు బిగుతయిందంటే ఒకసారి పక్కలు ఊడదీసి వదులు చేశాడు. నెల తిరక్కుండానే మళ్ళీ చేశాడు. రెండుసార్లూ టేపు మెడలో వేసుకుని నా నడుం కొలిచి, ఏదో అనబోయి, సూదిలో దారం ఎక్కిస్తూ ఊరుకున్నాడు. చిగుళ్ళలోంచి రక్తం వస్తే బ్రష్షు మార్చాను. బుగ్గల మీద నల్లమచ్చ కనపడితే ఎండ అనుకున్నాను.

ఆ తర్వాత పొట్టలో ఏదో చిన్నగా కొట్టుకోవడం మొదలైంది. కనురెప్ప అదిరినట్టు. గ్యాసనుకున్నాను.

అవును. అదే మాట. భోజనం తర్వాత గ్యాసు మాత్ర వేసుకుంటూ రెండు వారాలు గడిపాను.

ఒక మధ్యాహ్నం, రిపేరుకి వెళ్ళిన డాప్లరు వెనక్కి వచ్చింది. కడుపు మీద పెడితే బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న మిషను అది. బాగయిందో లేదో చూడాలంటే మామూలుగా బెంచీ మీద ఎవరినో ఒకర్ని పిలుస్తాను. ఆ రోజు శనివారం, ఎవరూ లేరు. మందుల గదిలో స్టూలు మీద కూర్చుని మణికట్టు మీద పెట్టి చూశాను. నా నాడి వినిపించింది, టక్, టక్ అని. మిషను బాగానే ఉంది. అక్కడితో కట్టేయొచ్చు. కానీ సరిగ్గా అప్పుడే లోపల గ్యాసు కదిలింది. ఎందుకో, ఆ మాట నా గొంతులోనే కాక బేకరీ ఆవిడ గొంతులో కూడా వినపడింది నాకు. లేచి తలుపు గడియ పెట్టాను. చీర కుచ్చిళ్ళు కిందికి జరిపి, బొడ్డు కింద మిషను ఆనించాను.

గుర్రం పరిగెత్తుతున్నట్టు వినిపించింది.

"మీ బిడ్డ గుండె, గుర్రం పరిగెడుతున్నట్టు లేదూ?" అని నేను కొన్ని వేలమందికి చెప్పి ఉంటాను. చెప్పినప్పుడు వాళ్ళ మొహాలు విచ్చుకునేవి. నేను మాత్రం గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. నిమిషానికి నూట యాభై. నా నాడి తొంభై. అది నాది కాదు. అప్పుడు కిందికి వంగి చూసుకున్నాను. బొడ్డు నుంచి కిందికి నల్లగా గీత దిగి ఉంది. నాలుగు వేళ్ళూ ఆనించి కొలిచాను. గర్భసంచి బొడ్డు దాకా వచ్చింది. ఐదు నెలలు.

సంతోషం రాలేదు. భయమూ రాలేదు. ముందొచ్చింది సిగ్గు. చెవులు వేడెక్కాయి. ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు, అయినా చీర గబగబా సర్దుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన ముందు గదిలో ఎవరిదో స్కూలు నిక్కరుకి బొత్తాలు కుడుతున్నాడు. పక్కన నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు.

"ఏమండీ... నాకు..."

"ఎన్నో నెల?" అన్నాడు తలెత్తకుండా.

"మీకెలా తెలుసు?"

"పోయిన నెలే తెలుసు. ఇంత తక్కువ రోజుల్లో నడుం దగ్గర మూడంగుళాలు, పైన రెండంగుళాలు. భుజాలూ చేతులూ అంతే ఉన్నాయి. లావెక్కితే చేతులు కూడా ఎక్కుతాయిగా?"

"తెలిసీ చెప్పలేదేం?"

ఆయన బొత్తాం దారం పళ్ళతో తెంపాడు. "నువ్వు నెలలమ్మవి కదే. ఊళ్ళో అందరి నెలలూ చెప్తావు. నీకు తెలీకుండా ఉంటుందా అనుకున్నా. ఎప్పుడు చెప్తుందా అని చూస్తున్నా."

నవ్వాడు కూడా. ఆ నవ్వులో కాస్త గర్వం ఉంది, దాన్ని దాచుకోవాలనే అవస్థా ఉంది. నేను నవ్వలేదు. గోడకి ఆనుకుని ఏడ్చాను. ఆయన నిక్కరు పక్కన పెట్టి, మెడలో టేపు తీసి చుట్టచుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టాడు.

"మా అన్నయ్యకి ఎలా చెప్పాలో నాక్కూడా తెలీట్లేదు" అన్నాడు చివరికి.

మా అమ్మాయికి మేము చెప్పాల్సిన పని లేకపోయింది. మర్నాడు బట్టలు మడత పెడుతుంటే తనే అంది. "అమ్మా, ఇంట్లో ప్యాడ్ల ప్యాకెట్టు నాలుగు నెలలుగా నేనొక్కదాన్నే వాడుతున్నాను."

నేను తువ్వాలు మడిచాను. విప్పి మళ్ళీ మడిచాను.

"ఆగిపోయాయా? లేకపోతే..."

"లేకపోతే."

అది మంచం మీద కూర్చుండిపోయింది. "ఛీ, అమ్మా!" అంది. తర్వాత, "నీకు తెలీదా ఇవన్నీ? నర్సువి కదా?" అంది. నాకు మొదటి మాట కన్నా రెండోది ఎక్కువ గుచ్చుకుంది. మూడు రోజులు నా మొహం చూడకుండా కంచంలోకి చూస్తూ అన్నం తింది.

డాక్టరమ్మకి చెప్పాలి. పేరు రాయించుకోవాలి. రక్త పరీక్షలు, స్కానింగు, ఈ వయసులో ఇంకా ఎన్నో చూడాలి. ఏవేవి చూడాలో నాకన్నా ఎవరికి తెలుసు? ప్రతి రోజూ పొద్దున్న ఈ రోజు చెప్తాననుకునేదాన్ని. డాక్టరమ్మ "సిస్టర్, ఈవిడకి ఎన్నో నెలో చెప్పు చూద్దాం" అనేది. నేను చెప్పేదాన్ని. సరిగ్గానే చెప్పేదాన్ని. నా నెల మాత్రం చెప్పేదాన్ని కాదు. కోటు మూడోసారి వదులు చేయించుకున్నాను. ఫైళ్ళు పొట్టకి అడ్డంగా పట్టుకుని నడిచాను. గురువారం వస్తే బల్ల వెనక నుంచి లేచేదాన్ని కాదు, కూర్చునే కేకలేసేదాన్ని.

అలా మూడు వారాలు గడిచాక చెప్పుల పట్టీ పాదం మీద లోతుగా అచ్చు పడటం చూశాను. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. తల పగిలిపోతోంది. మందుల గదిలో గడియ పెట్టుకుని నా బీపీ నేనే చూసుకున్నాను. నూట నలభై ఎనిమిది, తొంభై ఆరు. కాసేపాగి మళ్ళీ చూశాను. తగ్గలేదు. ఇంకొకరికైతే ఒక్క నిమిషం ఆగనిచ్చేదాన్ని కాదు. "బిడ్డ కావాలా వద్దా నీకు?" అని అరిచి, చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళేదాన్ని. నా చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు. ఎనిమిది రోజులు అలాగే తిరిగాను. ఆ ఎనిమిది రోజుల గురించి చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. లోపలిది కదిలిన ప్రతిసారీ, నేను దాన్ని కాదు, నా పేరుని కాపాడుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

తొమ్మిదో రోజు సెలవు పెట్టాను. మా ఆయనకి కూడా చెప్పకుండా రెండు బస్సులు మారి, ఊరికి ఆ చివర ఉన్న ఇంకో ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ నన్నెవరూ ఎరగరు.

అక్కడ బెంచీలు లేవు. ప్లాస్టిక్ కుర్చీలు ఒకే వరస. మూడో నెలావిడ పక్కన తొమ్మిదో నెలావిడ, మధ్యలో ఎవరి అత్తగారో. పద్ధతీ పాడూ లేదనుకున్నాను, ఆ స్థితిలో కూడా. ఆ నర్సు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, వంగి, చెవిలో చెప్పినట్టు అడుగుతోంది. ఏం అడుగుతోందో పక్క కుర్చీకి కూడా వినపడటం లేదు.

"ఎవర్నైనా చూడ్డానికొచ్చారా సిస్టర్?"

పక్కకి తిరిగాను. బేకరీ ఆవిడ. మొహం ఉబ్బింది, ముక్కు లావెక్కింది, పొట్ట మోకాళ్ళ దాకా వచ్చింది. తొమ్మిదో నెల.

"ఆఁ... చుట్టాలమ్మాయి..." అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నాదే అది.

"ఐదు నిండాయా?" అంది.

అబద్ధం ఇంకా నోట్లోనే ఉంది. "నిండాయి. ఆరు" అన్నాను.

"గ్యాసనుకున్నారా?"

తలొంచుకున్నాను. "ఊఁ."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట రెండు చేతులా పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది. వరసంతా మావైపు తిరిగింది. "అమ్మో, నన్ను నవ్వించకండి, ఇక్కడే అయిపోతుంది" అంటూ ఇంకా నవ్వింది. ఆ కుర్చీ నన్ను మింగేస్తే బావుండుననిపించింది. తర్వాత ఉన్నట్టుండి ఆపేసి, పైటతో కళ్ళు తుడుచుకుంది.

"నాకు చదువొచ్చు సిస్టర్. కాగితం అటు తిప్పి ఉన్నా చదవగలను. నేను సిగ్గన్నాను. మీవాళ్ళు నిర్లక్ష్యం అని రాశారు."

"నేనే రాయించాను."

"తెలుసు. మీరు తలూపడం చూశాను." పాదాలు కాస్త ముందుకి చాపి చూపించింది. చెప్పుల్లో పట్టక మడమలు బయటికొచ్చాయి. "పంటినొప్పి అని చెప్పి గంట సెలవు అడుక్కుని వచ్చానండీ ఆ రోజు. గేటు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి వెళ్ళి, మూడోసారి లోపలికొచ్చా. మీ ఆసుపత్రి మా బేకరీకి నాలుగడుగులు. కానీ అటు చూస్తే చాలు, ఆ నవ్వు వినపడేది. అందుకే ఈ కాళ్ళేసుకుని రెండు బస్సులు మారి ఇక్కడికొస్తున్నా."

ఇద్దరం ఒకే మనిషికి భయపడి ఇంత దూరం వచ్చామని నాకప్పుడు అర్థమైంది. క్షమించు అనాలి. ఆ మాట ఎంత చిన్నదిగా ఉంటుందో తెలిసి నోట్లోనే ఆగిపోయింది.

నర్సు నన్ను పిలిచింది. ఏం పని చేస్తారంటే "కుట్టుపని" అన్నాను. బీపీ చూసి ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. నూట యాభై నాలుగు, తొంభై ఎనిమిది. ముందు లోపలికి పంపింది. అక్కడి డాక్టరు మాత్ర రాసిచ్చి, బిడ్డ గుండె విని, ప్రస్తుతానికి బాగానే ఉందన్నాడు. బయటికొచ్చాక ఆ నర్సు వంగి, నా చెవి దగ్గర చెప్పింది. "అక్కా, ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. రెండు మూడు రోజులకోసారి చూపించుకోవాలి. ఇంత దూరం బస్సుల్లో నిలబడి రాకూడదు. మీ ఇంటి దగ్గర ఆసుపత్రి లేదా?"

"ఉంది" అన్నాను.

బస్‌స్టాపులో మళ్ళీ ఇద్దరమే. నేనే అడిగాను, "నొప్పులొస్తే ఇంత దూరం ఎలా వస్తావు? గురువారం మా దగ్గరికి రామ్మా. నేను నోరెత్తను."

"మీరెక్కడ చూపించుకుంటారు?"

నేను బస్సు వచ్చే వైపు చూశాను.

"మీరు ఆ మధ్య బెంచీ మీద కూర్చుంటే నేనొస్తా" అంది. "కోటేసుకుని బల్ల వెనక ఉంటే మాత్రం రాను. మీ ఇష్టం."

బస్సొచ్చింది. ఆవిడ ముందు ఎక్కింది. ఎవరో లేచి చోటిచ్చారు. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కూర్చుని, గొంతు పెంచి, బస్సంతా వినేలా అరిచింది.

"ఈవిడక్కూడా సీటియ్యండి బాబూ! ఆరో నెల!"

బస్సంతా నా పొట్ట వైపు చూసింది. నా నెరిసిన పాపిట వైపు చూసింది. ఒక ముసలాయన లేచాడు. నేను కూర్చున్నాను. దిగేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కానీ కూర్చున్నాను.

గురువారం పొద్దున్న కోటు వేసుకోలేదు. డాక్టరమ్మకి ముందుగా గదిలో చెప్పేస్తే సరిపోయేది. అలా చెప్తే ఆవిడ తన గదిలోనే నన్ను చూసి వెనక తలుపు నుంచి పంపేసేది, బెంచీ దాకా రానక్కర్లేదు. అందుకే చెప్పలేదు. మామూలు చీర కట్టుకుని బయల్దేరుతుంటే మా అమ్మాయి చెప్పులేసుకుంది. "నేనూ అటే వెళ్తున్నా" అంది. కాలేజీ అటు కాదు. దారంతా నాకు పదడుగుల వెనక నడిచింది, నేనెవరో తెలీనట్టు. ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం గబగబా వచ్చి నా చేతిలో సంచీ తీసుకుంది. దాన్ని పట్టుకుని లోపలికి రాకుండా గేటు పక్కనే నిలబడింది.

హాలు నిండుగా ఉంది. నన్ను చూసి అలవాటుగా అందరూ సర్దుకుని కూర్చున్నారు. నేను బల్ల వైపు వెళ్ళకుండా మధ్య బెంచీ దగ్గర ఆగాను. చివర కాస్త చోటుంది. కూర్చున్నాను.

"సిస్టర్, అక్కడెందుకు కూర్చున్నారు?" అంది చిన్న సిస్టరు.

"వరస వచ్చినప్పుడు పిలువమ్మా."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గోడవారన ఎవరో గుసగుసలాడారు. మొదటి నవ్వు అట్నుంచే వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్న నవ్వు. అది మూడో బెంచీకి పాకింది. "నెలలమ్మకే నెలలా!" అంది ఒకావిడ. నా మొహం మండిపోతోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపటికి చూసుకుంటే ఒక చెయ్యి పొట్ట మీదుంది.

గుమ్మంలో బేకరీ ఆవిడ కనపడింది. తలుపు పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. పొట్ట బాగా కిందికి జారింది. ఎక్కువలో ఎక్కువ పది రోజులు. కేక నాలిక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగించాను. ఆవిడ హాలంతా చూసి, నన్ను చూసి, మెల్లిగా నడుచుకుంటూ వచ్చింది.

"మూడో బెంచీ నిండిపోయింది. కాస్త జరగండి" అంది.

జరిగాను. ఆవిడ కూర్చుంటే బెంచీ కిర్రుమంది. నావైపు చూడలేదు, పలకరించలేదు. సంచీలోంచి నీళ్ళసీసా తీసి తాగి మూత పెట్టుకుంది.

నా వంతు వచ్చింది. చిన్న సిస్టరు ఫారం తీసుకుని బెంచీ దగ్గరికే వచ్చింది. పేరు, వయసు, ఎన్నో కాన్పు అన్నీ రాసింది. చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. నేను నేర్పిన ప్రశ్న అది, నేను నేర్పిన గొంతుతో అడగాలి. ఆ పిల్ల గొంతు తగ్గించబోయింది.

"గట్టిగా అడుగు" అన్నాను.

"ఇన్నాళ్ళూ... ఎందుకు రాలేదు?"

పక్కన బేకరీ ఆవిడ నీళ్ళసీసా ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"సిగ్గేసింది" అన్నాను.

చిన్న సిస్టరు నావైపు చూసింది. ఎప్పటిలాగే, నేను తలూపుతానేమోనని చూసింది.

"ఏం రాయమంటారు సిస్టర్?"

"చెప్పిందే రాయి. రాశాక పోయిన నాలుగు నెలల ఫారాలు తియ్యి. ఈవిడది కూడా అందులో ఉంటుంది" అన్నాను.